ఒట్టి చేతులతో చీకటి గెడ్డకి

నెత్తిన గాజుల బుట్ట ఉన్నన్నాళ్ళూ హాజిరాబీ ఎక్కడికి వెళుతోందని అనకాపల్లిలో ఎవరూ అడగలేదు. మొగుడు రహమాన్ పోయాక ఆ బుట్ట ఎత్తుకుని కోటవురట్ల దాకా, చీడికాడ దాకా ఊరూరా తిరిగింది. పొద్దుండగా ఇల్లు చేరలేక ఎవరి అరుగు మీదో పడుకుని మర్నాడు వచ్చిన రోజులూ ఉన్నాయి. అప్పుడు ఆమె మర్యాదకి ఏ లోటూ రాలేదు. ఒట్టి చేతులతో నడవడం మొదలుపెట్టాకే గొడవంతా వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం ముదిరి రైళ్ళన్నీ సైన్యానికి పోవడంతో ఉత్తరాది నుంచి గాజుల పెట్టెలు రావడం తగ్గిపోయింది. ఆమెకి పనిలేని రోజులు మొదలయ్యాయి. అలాంటి ఓ రోజున ఇంట్లో కూచోలేక చీడికాడ దారి పట్టుకుని కొండల్లోకి వెళ్ళింది. అక్కడ రెండు కొండల మధ్య ఇరుకు లోయ ఉంది. అడుగున గెడ్డ పారుతుంది. మిట్టమధ్యాహ్నం తప్ప ఎండ పడదు గనక దాన్ని చీకటి గెడ్డ అంటారు.

ఆ దారి ఆమెకి కొత్త కాదు. కానీ నెత్తిన బుట్ట ఉన్న మనిషి మెడ ఎత్తకూడదు, ఎత్తితే గాజులు పోతాయి. ఆ రోజు మొదటిసారి తల వెనక్కి వాల్చి చూసింది. ఎంత ఎత్తున ఉందో ఆ రాతిగోడ! దాని నెర్రెల్లోంచి చిలకలు గుంపుగా అరుచుకుంటూ బయటికొచ్చి, వంపు తిరిగి మాయమైపోయాయి. ఆమెకి ముందు సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది.

"ఇన్నాళ్ళూ ఇయ్యి ఇక్కడే ఉన్నాయేటి?" అని పైకే అంది.

అప్పట్నుంచి తీరిక దొరికితే చాలు, వెళ్ళేది. వీధిలో గుసగుసలు బయల్దేరాయి. చివరికి మరిది ఖాదర్ మొహిద్దీన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతనికి బజార్లో అత్తరు దుకాణం ఉంది, నలుగురిలో పేరుంది.

"వదినా, ఆ గెడ్డలో నీకేటి పని?"

"ఏ పనీ లేదు."

"పని లేకుండా ఎందుకెల్తావు? జనం ఏటనుకుంటారు?"

"జనాన్నొగ్గీ. నువ్వేటనుకుంటున్నావో సెప్పు."

ఖాదర్ నేలచూపులు చూశాడు. అతని అనుమానం అర్థమై హాజిరాబీ ముఖం కందగడ్డ అయింది. "రేపు నాతో రా. నీ కళ్ళతో సూసి మీ జనానికి సెప్పు" అంది.

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. లోయలో అడుగు పెట్టగానే ఖాదర్, రైలు అందుకోవాలన్నట్టు ముందుకు దూసుకుపోయాడు.

"నెమ్మదిగా నడు. నిన్నెవరూ తరమట్లేదు" అని కసిరింది.

ఓ చోట నీటి మీదకి వంగిన కొమ్మ చివర లకుముకి పిట్ట కూచుని ఉంది. అది నీళ్ళలోకి దూకి చేపతో లేచేదాకా ఆమె మరిదిని కదలనివ్వలేదు. ఎదురు కొండ మీద కొండముచ్చులు పిల్లల్ని పొట్టకి కరుచుకుని బండ నుంచి బండకి గెంతుతున్నాయి. దారికి అడ్డంగా పడుకున్న ఉడుము వీళ్ళని చూసి నాలుక జాపి, బద్ధకంగా పొదలోకి జరిగింది. ఖాదర్ ఓసారి ఆగి, "అదేటి వదినా, కుక్కలా దగ్గుతోంది?" అని తనే అడిగాడు. అది కొండముచ్చుల గుంపులో పెద్దదని ఆమె చెప్పింది. అతని మొహంలో బిగువు కాస్త సడలింది.

అంతలో పొద వెనక రెక్కలు టపటపలాడాయి. ఆడ నెమలి, కాలు ఉచ్చులో ఇరుక్కుని గిలగిల్లాడుతోంది. పట్టుకోమంటే ఖాదర్ వెనక్కి తగ్గాడు. హాజిరాబీ పైట చెంగు దాని తల మీద కప్పి, ఒడిలో అదిమి, ముడి విప్పింది. గోళ్ళు ఆమె మణికట్టుని చీరేశాయి. వదలగానే నెమలి కుంటుకుంటూ నాలుగడుగులు వేసి, ఎగిరి రాతి అంచు మీద వాలింది.

ఉచ్చు పన్నిన పోతురాజు అనే అతను కర్రతో పరిగెత్తుకొచ్చాడు. ఎముకల గూడులా ఉన్నాడు.

"ఎవులే నువ్వు? నా కూడు ఒగ్గేత్తావా?"

ఆమె నోరు విప్పేలోపే ఖాదర్ చేతులు జోడించాడు. "తప్పైపోయింది బావా. ఆడమనిషి, తెలీక సేసింది. మొగుడు పోయినకాణ్ణించి మతి కుదురుగా లేదు."

హాజిరాబీ మరిది వైపు తిరిగింది. చేతి నుంచి రక్తం కారుతోంది.

"నా తరఫున తప్పొప్పుకోమని నిన్నెవరడిగేరు? నాకు మతి లేదా? ఊరూరా బుట్ట మోసుకు బతికినప్పుడు మతుందా? తెలిసే ఇప్పేను. మళ్ళీ కనపడినా ఇప్పుతాను!"

పోతురాజు కర్ర దించి నిలబడ్డాడు.

"బియ్యం దొరకట్నేదమ్మా. నా పిల్లలేటి తినాల?" అన్నాడు.

హాజిరాబీకి కోపం తగ్గలేదు, ఎవరి మీద చూపించాలో మాత్రం తెలీలేదు. "నీ ఆకలి అబద్ధమనలేదు. నా కళ్ళెదుట కొట్టుకుంటున్నదాన్ని నేను సూసి ఎల్లిపోలేను. అంతే" అంది. అతను తుపుక్కున ఉమ్మి, మిగిలిన ఉచ్చులు ఊడదీసుకుని పైకొండ వైపు వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చాక ఖాదర్ ఊళ్ళో పరువు కాచుకున్నాడు: వదిన కీళ్ళనొప్పులకి వేర్లు తవ్వడానికి వెళుతోందని చెప్పాడు. అందరూ నమ్మారు. ఒకావిడ తనకీ కాసిన్ని వేర్లు తెమ్మని అడిగినప్పుడు ఈ సంగతి హాజిరాబీ చెవిన పడింది.

శుక్రవారం నమాజు వదిలే వేళ, ఖాదర్ దుకాణం ముందు జనం ఉండగా వెళ్ళి నిలబడింది.

"వేర్లు లేవు, మందుల్లేవు. నేను పిట్టల్ని సూడ్డానికెల్తన్నాను. ఊరికే నడవడానికెల్తన్నాను. ఎవరికైనా ఏటైనా అడగాలనుంటే ఇప్పుడే నన్నే అడగండి."

జనం ఒక్కొక్కరే జారుకున్నారు. ఖాదర్ అత్తరు సీసాలు సర్దుకుంటూ ఉండిపోయాడు.

తర్వాత హాజిరాబీ గెడ్డకి వెళ్ళేటప్పుడు ఖాదర్ భార్య ఖైరున్నీసా చెప్పులేసుకుని వెంట వచ్చింది. మొగుడినేమీ అడగలేదట. లోయ మొదలైన దగ్గర్నుంచీ తెగ మాట్లాడింది.

"నోరు ముయ్యవే, లకుముకి ఎగిరిపోద్ది" అని హాజిరాబీ ఆమె నెత్తిన ఒక మొట్టికాయ వేసింది.