తోళ్ల మందు

మొన్న నేను పాఠాలు చెప్పే బడిలో ఎవరిదో కొత్త తోలుసంచి వాసన తగిలి అమ్మ చేతులు గుర్తొచ్చాయి. నిడదవోలు తోళ్ల గిడ్డంగిలో అమ్మ పచ్చితోళ్లను పాషాణమనే విషప్పొడి కలిపిన నీళ్లలో ముంచేది. ఓడలో సీమకు చేరేదాకా వాటికి పురుగు పట్టకూడదట. "ఇది మందేనే, మనుషుల్నేం చెయ్యదు," అనేవాడు గుమాస్తా, తొట్టికి దూరంగా నిలబడి.

నాకు ఆరేళ్లప్పుడు అమ్మ నాకు అన్నం కలిపి పెట్టడం మానేసింది. నువ్వే పెట్టమని ఏడిస్తే, "అక్క పెడుతుంది, తినమ్మా. నా చేతులు ముట్టుకోకు," అంది. నేనంటే ఇష్టం పోయిందనుకుని రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ తొట్టిలో నీళ్లు తాగిన కుక్క చచ్చిపోవడం అమ్మ చూసిందని చాలా ఏళ్లకు అక్క చెప్పింది. గుమాస్తాను అడిగితే, భయమైతే పని మానెయ్యమన్నాడట. అమ్మ మానలేదు. అరచేతులు నల్లబడి పగిలిపోయాయి. నా ఎనిమిదో ఏట చనిపోయేదాకా ఒక్క ముద్దయినా తన చేత్తో నాకు పెట్టలేదు.