పిలిచిన ఫంక్షన్ లోపలికి చెయ్యి

వాన దిగేలా ఉంది. వ్యాను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. మా వదిన తన కాఫీ బస్తాల పక్కన నిలబడి నా ల్యాప్‌టాప్ వైపే చూస్తోంది. తేమ ఎక్కువుందని వెనక్కి పంపితే ఆ కాఫీ దారిలోనే తడిసి పాడవుతుంది.

అరకులో కాఫీ తీసుకునే కేంద్రంలో పని నాది. అక్కడి ప్రోగ్రామ్ రాసింది మాత్రం విశాఖలో ఉండే ఒకాయన. అందులో ఆయన ఫంక్షన్, అంటే ఒక పని చేసే ముక్క, కాఫీ తేమ విలువను తనకే కనిపించే లోకల్ వేరియబుల్‌లో దాచుకుని, మధ్యలో నా చిన్న ఫంక్షన్‌ను పిలుస్తుంది. నాకు ఆ విలువ ఇవ్వదు. కావాలంటే నన్ను పిలిచినదాని లోపలికి నేనే తొంగి చూడాలి. ఆ ప్రోగ్రామ్ రాసిన పైథాన్ భాషలో దానికి దారి ఉంది.

చూశాను. తేమ ఎక్కువుంది. ఉండదా మరి, తేమ కొలిచే మీటరు రాగుల సెట్టింగ్‌లోనే ఉండిపోయిందని, కొలత తీసి దాన్ని పట్టుకుని పక్క ఊరెళ్ళిన మా కేంద్రం అతను అప్పుడే ఫోన్ చేసి చెప్పాడు.

విలువ తగ్గించి రాశాను. నా వైపు తగ్గింది. ఆయన ఫంక్షన్‌కు వెళ్ళేసరికి మళ్ళీ పాత అంకే, మళ్ళీ ‘తడి’ అని ఎర్ర అక్షరాలు. పైథాన్ పాత వెర్షన్‌లో మన చేతికి దొరికేది నకలు. నకలు మీద ఎంత రాస్తే ఏం లాభం? కుర్చీలో కూర్చోలేకపోయాను. కొత్త వెర్షన్‌లో రాత అసలుకే తగులుతుంది, అదీ నా దగ్గరుంది. మార్చనా అని అడగడానికి విశాఖ ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

“ఎత్తకపోతే ఏటమ్మీ?” అంది వదిన. “సినుకు పడితే ఎవలి కల్లమైనా ముందు కప్పేత్తాం. ఇంటోలొచ్చీదాకా ఆగుతామేటి? నా కాఫీ ఎండింది. బేగి మార్సు.”

నిజమే, ఇక్కడ దారినపోయేవాళ్ళు కూడా కల్లంలో ఆరబోసిన ఎవరి కాఫీ మీదైనా టార్పాలిన్ లాగి, ఒక కేక వేసి పోతారు. కొత్త వెర్షన్‌లో మార్చేశాను. పచ్చ అక్షరాలు వచ్చాయి. బస్తాలు వ్యానెక్కాయి.

అప్పుడు విశాఖ ఆయన ఫోన్ చేశాడు. జరిగింది చెప్పాను. కోప్పడలేదు.

“కొత్త అంకె ఎక్కణ్ణుంచి తెచ్చావమ్మా?”

“ఎండిందని మా వదిన చెప్పింది సార్.”

ఆ మాట అన్నాక నాకే భయం వేసింది. ఒక్క తడి బస్తా చాలు, లోడంతా బూజు పట్టడానికి. అందులో ఊరందరి కాఫీ ఉంది. పరిగెత్తి వ్యాను ఆపించాను. కాఫీ తెచ్చిన ఊరివాళ్ళంతా చూస్తుండగా వదిన బస్తా మూతి విప్పి, గింజ తీసి కొరికాను. బాగా ఎండిన గింజలా టక్కున విరిగింది.

“నా మాట మీదే మార్సినావు. ఇప్పుడు అందరి ముందరా కొరికి సూత్తన్నావా?”

కాఫీ ఎండిందే. వదిన బస్తా మూతి తనే కట్టుకుని, నా వైపు చూడకుండా వ్యానెక్కింది.