లంకపాడులో లేని కొండ

డెల్టాలో కొండ ఉండదు. లంకపాడు చుట్టుపక్కల ఎంత దూరం నడిచినా, ఎత్తంటూ కనబడితే అది కాలవగట్టో గడ్డివామో అయి ఉంటుంది. అలాంటి ఊరికి టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లోని తన ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని ఎలియాజరు ఒక కొండ కట్టాడు. పూర్వం పటాలు గీసేవాళ్ళు తమకు తెలియని సముద్రాల్లో రాక్షసచేపల్ని గీసేవారట. ఎలియాజరుది అంతకన్నా కష్టమైన పని. బాగా తెలిసిన చోటును కప్పిపెట్టాలి.

ఆయనకు అరవై ఒకటి. టొరంటోలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పాతికేళ్ళు ఫైళ్ళు చూసి రిటైరయ్యాడు. ఇక్కడి తెలుగువాళ్ళకు ఆయన లంకపాడు ఏఎస్సెమ్, అంటే అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగారి అబ్బాయి, రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినవాడు. నిజానికి తండ్రి మోషే గ్యాంగ్‌మన్. పట్టాల కింద కంకర సర్దే మనిషి. ఇల్లు లైనుకు అవతల, పేటలో. ఆ పేట పేరెత్తితే కులం చెప్పినట్టే. భార్య బాలకుమారిదీ ఆ పేటే, రెండిళ్ళ అవతల. ఆవిడ ఈ అబద్ధాన్ని తన నోటితో చెప్పిందీ లేదు, కాదన్నదీ లేదు.

రెండేళ్ళ కిందట భీమారావు కెనడా పడమటి కొసనున్న సర్రీ నుంచి ఇక్కడికి మకాం మార్చేదాకా ఇది సాఫీగానే నడిచింది. భీమారావు లంకపాడు రైస్‌మిల్లువాళ్ళ అబ్బాయి. వచ్చిన ఏడాదికే తెలుగు సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఉగాది ప్రదర్శనలో లంకపాడు స్టేషన్ నమూనా పెట్టాలన్నాడు, రైలు తిరుగుతూ ఉండాలన్నాడు. “స్టేషన్ మాస్టరుగారి బిడ్డ మీరుండగా ఇంకొకరెందుకండీ?” అన్నాడు నలుగురిలో. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి.

అద్దెకు ఇల్లు దొరికేదాకా ఆ నెల నేను వాళ్ళింట్లోనే దిగి ఉన్నాను. ఎలియాజరు ఎప్పుడూ బొమ్మరైలు ముట్టినవాడు కాదు. నాలుగడుగులకు ఎనిమిదడుగుల ప్లైవుడ్, దాని మీద ఫోమ్ అట్ట, ఆ పైన బెండుపట్టీ, పట్టీ మీద ట్రాక్. ఒక జాయింటు దగ్గర ఇంజను పడిపోతూనే ఉంటే, కళ్ళు మూసుకుని వేలితో పట్టా తడిమి ఎగుడు ఎక్కడుందో పట్టుకునేవాడు. కంకర చెంచాతో పోసి, బ్రష్‌తో సర్ది, నీళ్ళలో కలిపిన జిగురు చుక్కచుక్కగా వదిలేవాడు. పేట ఉండాల్సిన మూల వచ్చేసరికి చెయ్యి ఆగింది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకంలో, కొత్తవాళ్ళు మూలమలుపును కొండ కింద దాచేస్తే అందం అని ఉందట. ఆ ముక్క నాకు రెండుసార్లు చదివి వినిపించాడు. ఉండలు చుట్టిన న్యూస్‌పేపర్లు పేర్చి, ప్లాస్టర్ గుడ్డ తడిపి కప్పి, పచ్చరంగు వేశాడు.

ఒక శనివారం మధ్యాహ్నం భీమారావు చూడ్డానికి వచ్చాడు. రైలు తిరుగుతోంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని బల్ల చుట్టూ నడిచి, సిగ్నల్ దగ్గర ఆగాడు.

“సిగ్నల్ రెక్కకి ఎర్రరంగున్న వైపు, ఎదురొచ్చే బండి డ్రైవరుకి కనబడాలి కదండీ. స్టేషన్ వైపు తిప్పారేంటి? నాన్నగారు చూస్తే ఏమంటారు?”

ఎలియాజరు పొరపాటంటూ గొణిగి దాన్ని తిప్పబోయాడు. ఈలోగా భీమారావు వంగి కంకర మీద వేలు రాశాడు. స్లీపర్ల చివర్లలో భుజం కట్టినట్టు, బయటికి వాలుగా, ఒక్క రాయి జారకుండా ఉంది.

“కంకర మాత్రం అద్భుతం. ఇది వంశంలో ఉండాలయ్యా,” అన్నాడు. రెండేళ్ళ ‘అండీ’ ఆ మాటతో పోయింది. “ఈ కొండేంటి? ఇక్కడ పేట కదా. తీసెయ్. గుడిసెలు పెట్టు. నాలుగు పందులు కూడా పెట్టు, లేకపోతే మన ఊరనిపించదు.”

“అలాగేనండి,” అన్నాడు ఎలియాజరు.

బాలకుమారి పకోడీల పళ్ళెంతో మెట్లు దిగుతోంది.

“ఆ పేటలో మోషే అని ఒకడుండేవాడు, గ్యాంగ్‌లో. తాగి పట్టాల మీద పడుకుని బండి కింద పోయాడు. నీకు గుర్తుండాలే?”

“మోషేనా? గుర్తులేదండి.”

“తల ఒకచోట, సీసా ఒకచోట,” అని నవ్వాడు భీమారావు. ఎలియాజరు కూడా నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు. కానీ నవ్వాడు.

మోషే చర్చి పెద్ద, చుక్క ముట్టి ఎరగడు. మంచు కమ్మిన ఒక ఉదయం వంగి పని చేసుకుంటుంటే బండి వచ్చింది. అందరికన్నా ముందు చూసింది పదకొండేళ్ళ బాలకుమారి, తవుడు కోసం మిల్లుకు పోతూ. నెత్తి మీది గంప దించి ఆయన మొహం మీద బోర్లించి, పేటలోకి పరుగెత్తింది. ఇవన్నీ ఆవిడ నాకు తర్వాత చెప్పింది.

ఆ క్షణాన మాత్రం ఒక్క మాటే అంది. “ఆయన తాగేవాడు కాదండి.”

“నీకెలా తెలుసమ్మా?”

ఆవిడ భీమారావుని చూడలేదు, మొగుణ్ణి చూసింది. రైలు ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా చూస్తూనే ఉంది.

“ఎవరో అనుకుంటుంటే విని ఉంటుంది లెండి,” అన్నాడు ఎలియాజరు.

ఆవిడ పళ్ళెం బల్ల అంచున పెట్టి పైకి వెళ్ళిపోయింది. భీమారావు నాలుగు పకోడీలు తిని, గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, వాతావరణం సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. “వచ్చిన వారానికే తెలుసయ్యా నాకు. ఎప్పుడు చెప్తావో చూద్దామనుకున్నా. పందులు మర్చిపోకు.”

కొండ పెకలించడానికి ఒక పూట పట్టింది, గుడిసెలకు మూడు రోజులు. షాపులో దొరికిన పందులు గులాబీరంగువి. వాటికి నల్లరంగు వేస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో గొడవేం జరగలేదు. వేళకు అన్నం, వేళకు మందులు. వారం తిరిగి ఆదివారం చర్చికి బయల్దేరాం. డ్రైవింగ్ ఎప్పుడూ బాలకుమారిదే. ఆవిడ ఎలియాజరు వైపు కారు తలుపు తీసి, వంగి, ఎంతో మర్యాదగా అంది. “ఏఎస్సెమ్‌గారి అబ్బాయిగారూ, ఎక్కండి.”

ఆయన ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు. వారమంతా ఆవిడ పిలుస్తున్నది ఆ పేరుతోనే.