రాజన్నను స్ట్రెచర్‌కి కట్టిన రోజు

1991. సౌదీలో తబూక్ ఊరు దాటి ఎడారిలో చాలా దూరం పోతే మా గోధుమ ఫారం వస్తుంది. గల్ఫ్ యుద్ధం ఆగి ఎన్నో రోజులు కాలేదు. క్లినిక్ కిటికీ అద్దాలకు అడ్డంగా అంటించిన టేపు ఇంకా పీకలేదు. విషవాయువు మాస్కుల డబ్బాలు మంచాల కిందే ఉన్నాయి. బయట మాత్రం పచ్చటి గోధుమ పైరు గాలికి ఊగుతూ ఉండేది.

నేను ఆ ఫారం క్లినిక్‌లో నర్సుని. గుంటూరులో నర్సింగ్ చదివి వచ్చాను. నాకు మాటలు తక్కువ. రోజూ డైరీ రాసుకుంటాను. మందుల అల్మారా కింది అరలో, దూది కట్టల వెనక నవలలు పెట్టుకుంటాను. మేనేజర్ అబూ సాలెహ్ ఏం చెప్పినా నా నోట వచ్చే జవాబు ఒక్కటే, ‘తయ్యిబ్’. సరే అని. అందరూ ఆయన్ని ముదీర్ అనేవారు, అంటే మేనేజరే.

మా పొలాలు గుండ్రంగా ఉంటాయి. నడుమ బోరు, దాని నుంచి పొడవాటి ఇనుప గొట్టం చక్రాల మీద గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్ళు చల్లుతుంది. దాన్ని పివట్ అంటారు. నీళ్ళు చల్లే మూతుల్లో ఇసుక పట్టుకుంటే కూలీలు గొట్టం మీదికెక్కి శుభ్రం చేయాలి. తడి ఇనుము మీద కాలు జారడం ఎంతసేపు? పడ్డవాణ్ణి తబూక్ ఆసుపత్రికి చేర్చడం నా పని, రాజన్న పని. రాజన్న జగిత్యాల వైపు మనిషి, క్లినిక్ డ్రైవర్.

మా పాత బండి చిన్న పికప్. స్ట్రెచర్ పూర్తిగా పట్టక వెనక తలుపు తెరిచి తాళ్ళతో కట్టేవాళ్ళం. ఫారం నుంచి తారు రోడ్డు దాకా ఉన్న మట్టిదారి, నీళ్ళ ట్యాంకర్లు తిరిగి తిరిగి రేకుల కప్పులా ముడుతలు పడిపోయింది. దాని మీద వెళుతుంటే పళ్ళు ఒకదానికొకటి కొట్టుకునేవి. యుద్ధంలో స్పేర్ పార్టులు రాక ఆ బండి మరీ పాడైంది. ఒకసారి తొడ ఎముక విరిగిన కుర్రవాణ్ణి నేను చెక్కబద్దలతో చక్కగా కట్టి ఎక్కించాను. దారిలో వాడు అరిచిన అరుపులకి ఆగమని కేబిన్ టాపు మీద దబదబా కొట్టాను. రాజన్నకు మన ఊళ్ళ లారీ అలవాటు. టాపు మీద కొడితే ‘రైట్, పోనీ’ అని అర్థం. ఇంకా జోరు పెంచాడు! ఆసుపత్రిలో కట్టు విప్పేసరికి, నేను కలిపి కట్టిన ఎముక మళ్ళీ పక్కకు జరిగిపోయింది.

అందుకే ముదీర్ కొత్త బండి కొంటానన్నప్పుడు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. కొనేది ఫుల్ సైజ్ పికప్. అమెరికా వాళ్ళ పెద్ద బండి, స్ట్రెచర్ నిండుగా పట్టి తలుపు మూసుకునేంత పొడవు. ఒకే ఉదయం రెండు కంపెనీల బండ్లు వచ్చి క్లినిక్ ముందు ఆగాయి. ఒకటి తెల్లది, ఒకటి నీలంది. సాయంత్రానికి ఒకటి ఉండిపోవాలి, ఒకటి వెనక్కి పోవాలి.

తెల్లదాన్ని తెచ్చినవాడు ఖాదర్ భాయ్, కడప మనిషి. నీలందాన్ని తెచ్చినవాడు సలీమ్ అనే యెమెన్ ఆయన. ఖాదర్ భాయ్ దిగినప్పటి నుంచి నోరు మూయలేదు, సలీమ్ అసలు తెరవలేదు.

“ఏం చెల్లెమ్మా, తెలుగు మాట విని ఎన్నాళ్ళయిందో నాకు! మనోడు తెచ్చిన బండి, ముదీర్‌కు ఒక మాట చెప్పల్ల నువ్వు,” అన్నాడు ఖాదర్ భాయ్. “ఇంజన్ చూడు, ఏనుగు! టన్ను బరువేసినా ఊ అనదు, ఆ అనదు.”

నేను నవ్వి ఊరుకున్నాను.

మగవాళ్ళు బండ్లు చూసే పద్ధతి నాకు ఆరోజే తెలిసింది. ముందు బానెట్ ఎత్తారు. తర్వాత కాళ్ళతో టైర్లు తన్నారు. రాజన్న ఏసీ గాలికి చెంప ఆనించి కళ్ళు మూసుకుని, “సల్లగ ఐసున్నట్టే ఉన్నది,” అన్నాడు. టేప్ రికార్డర్‌లో అరబ్బీ పాట పెట్టి చూశారు. తారు రోడ్డు మీద రెంటినీ పరుగెత్తించి వచ్చారు. తెల్లదే ముందు వచ్చింది. ముదీర్ ముఖం వెలిగిపోయింది. పక్క ఫారం వాళ్ళ దగ్గర ఉన్నది కూడా తెల్లదేనట.

చివరికి నావైపు తిరిగి, “సిస్టర్, స్ట్రెచర్ పడుతుందా?” అని అడిగాడు ముదీర్.

రెంటిలోనూ పెట్టి చూపించాను. పట్టింది.

“ఖలాస్,” అన్నాడు. అయిపోయిందని.

నాకు చెప్పాలని ఉంది, గొంతు రాలేదు. పక్కనున్న రాజన్నతో మెల్లగా అన్నాను. “అందరూ ముందు కూర్చుని చూశారు. వెనక ఎవరూ పడుకుని చూడలేదు కదా రాజన్నా.”

రాజన్న నాకు మైకు లాంటివాడు. నేను గొణిగింది వచ్చీరాని అరబ్బీలో అందరికీ వినబడేలా చెప్పి, “సిస్టరమ్మ అడిగింది నిజమే గదా? ఎనుక ఎవడు పండిండు?” అని తెలుగులో ముగించాడు.

“నువ్వే పండుకో! ఎవరొద్దన్నారు?” అన్నాడు ఖాదర్ భాయ్.

“పండుకుంట! నాకేం భయమా? కట్టున్రి సిస్టరమ్మా!”

అలా రాజన్నను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, ఛాతీకి, తొడలకు పట్టీలు బిగించాను. నేను తల దగ్గర కూర్చుని కిడ్నీ ట్రేలో నీళ్ళు పోసి అతని పొట్ట మీద పెట్టి పట్టుకున్నాను. కిడ్నీ ట్రే అంటే రోగులు వాంతి చేసుకుంటే పట్టే వంకర గిన్నె. బండి ఎంత కుదుపుతుందో ఆ నీళ్ళే చెబుతాయని నా ఆలోచన.

ముందు తెల్లది. ఖాదర్ భాయ్ నడిపాడు. మట్టిదారి ఎక్కగానే వెనక భాగం ఎగరడం మొదలుపెట్టింది. నీళ్ళు మొదట రాజన్న చొక్కా మీద, తర్వాత మొహం మీద పడ్డాయి. ట్రే చివరికి నా ఒళ్ళో పడింది.

“ఓ ఖాదర్ భాయ్! ఆపు! నడుము ఇరిగె! నీ బండి మన్నువడ!” అని అరిచాడు రాజన్న.

కేబిన్ వెనక అద్దం కదలని అద్దం. ఖాదర్ భాయ్‌కి ఏమీ వినపడలేదు. రాజన్న ఒక చెయ్యి లాక్కుని కేబిన్ మీద దబదబా కొట్టాడు. ఖాదర్ భాయ్‌దీ మన దేశపు అలవాటే. హుషారుగా ఉన్నాడనుకుని జోరు పెంచాడు. నాకు నవ్వాగలేదు. రాజన్న నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

తర్వాత నీలంది. సలీమ్ నడిపాడు. కుదుపులు లేవని కాదు, ఉన్నాయి. కానీ ఎగిరి పడటం లేదు, ఊగుతూ పోతోంది. పైగా దాని వెనక అద్దం పక్కకు జరుగుతుంది. రాజన్న “ష్వై ష్వై,” మెల్లగా అన్నాడో లేదో, సలీమ్ వేగం తగ్గించాడు. దిగేసరికి ట్రేలో సగానికి పైగా నీళ్ళు మిగిలాయి.

పట్టీలు విప్పాక రాజన్న వెనక తలుపు మీద కాళ్ళు వేలాడేసి కూర్చుని తడి చొక్కా అంచు పిండుకున్నాడు.

“ఇన్నేండ్లు ముంగట కూసోని తోలిన సిస్టరమ్మా,” అన్నాడు. “ఎనుక గిట్లుంటదని ఎన్నడు ఎర్కలేదు. ఆ తొడ ఇరిగిన పొల్లగాడు నన్ను ఎంత తిట్టుకున్నడో!”

ముదీర్ రాజన్న తడి చొక్కా చూసి పగలబడి నవ్వాడు. కానీ మాట మార్చుకోలేదు. తెల్లదాని ఇంజనే బలమైంది, తొందరగా చేరుతుంది, రోగికి కావలసింది అదే కదా అన్నాడు. ఖాదర్ భాయ్ టీ తెప్పించాడు. సలీమ్ సిగరెట్ ఆర్పి తన బండి వైపు నడిచాడు.

అప్పుడే వైర్‌లెస్ మోగింది. మా కూలీ, కామారెడ్డి ఎల్లయ్య, పివట్ మీద నుంచి వెల్లకిలా పడ్డాడు.

ముదీర్ నన్ను తన జీపులో ఎక్కించుకున్నాడు. ఆయన చెప్పినట్టే రాజన్న, ఖాదర్ భాయ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, తెల్లబండిలో స్ట్రెచర్ వేసుకుని వచ్చాడు. ఆ వెనకే సలీమ్, ఎవరూ పిలవకుండానే, నీలం బండితో వచ్చాడు.

ఎల్లయ్య తడిసిన పైరు మీద పడి ఉన్నాడు. స్పృహలోనే ఉన్నాడు. “నడుములకెల్లి కరెంటు కొట్టినట్టున్నది సిస్టరమ్మా. కాళ్ళు తిమ్మిర్లు.”

“వేళ్ళు కదుపు ఎల్లయ్యా.”

కదిలాయి. అంటే లోపలి నరాల తాడు ఇంకా తెగలేదు. కానీ వెన్నుపూస విరిగి ఉంటే, విరిగిన ముక్క ఒక్క కుదుపుకు జరిగినా చాలు, ఈ వేళ్ళు మళ్ళీ కదలవు. వాడికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు.

నలుగురి చేత లాగ్ రోల్ చేయించాను. అంటే మనిషిని ఎక్కడా మెలిపడకుండా దుంగలా ఒక్కసారిగా దొర్లించి కింద చెక్క దూర్చడం. తలకు రెండు వైపులా ఇసుక నింపిన దిండు గలేబులు పెట్టి, నుదుటి మీదుగా కట్టు కట్టాను.

“తెల్లబండి! యల్లా, తొందరగా!” ముదీర్ అరిచాడు. రాజన్న అప్పటికే దాన్ని వెనక్కి తెచ్చి ఇంజన్ ఆపకుండా స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. ఆ మోతలో, మూసిన అద్దం వెనక, నా గొణుగుడు అతనికి వినపడదు. నా బదులు గట్టిగా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

“లా!” అన్నాను.

కాదు అని అరబ్బీలో. అంత పెద్ద గొంతు నాకుందని నాకే తెలియదు. స్ట్రెచర్ మోస్తున్నవాళ్ళు ఆగిపోయారు. ముదీర్ నావైపు తిరిగాడు.

“నీలంది కావాలి,” అన్నాను, తెలిసిన అరబ్బీ అంతా కూడగట్టుకుని. “తొందరగా చేరడం కాదు, కదలకుండా చేరాలి. ఆ బండిలో నేను ఆపమంటే డ్రైవర్‌కి వినపడదు. ఎగిరితే ఇతని కాళ్ళు పోతాయి.”

ముదీర్ తెల్లబండి వైపు ఒకసారి, ఎల్లయ్య పాదాల వైపు ఒకసారి చూశాడు. ఆ క్షణం నాకు ఎంత పొడవుగా అనిపించిందో! సలీమ్ మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. నీలం బండి వెనక తలుపు దించాడు, తన దుప్పటి తీసి పరిచాడు, తాళంచెవి రాజన్న చేతిలో పెట్టాడు. దారి రాజన్నకే తెలుసని.

ముదీర్ తల ఊపాడు. తలమీది ఎర్రగళ్ళ గుడ్డ తీసి, దుమ్ము పడకుండా ఎల్లయ్య మొహం మీద తనే కప్పాడు.

రాజన్న తెల్లబండి దిగి నీలందాని టైర్లలో కొంచెం గాలి తీశాడు. గాలి తగ్గితే టైరు మెత్తబడి ముడుతల్ని మింగుతుందట. “తారు రోడ్డు ఎక్కినంక నింపుకుందం. పంపు ఉన్నది.”

ఆ ప్రయాణమంతా నా చెయ్యి ఎల్లయ్య పాదాల మీదే. అద్దం తెరిచే ఉంది.

“రాజన్నా, మెల్లగా.”

“మెల్లగనే అస్తున్న. గుంత ఉన్నది ముంగట, పట్టుకోన్రి.”

“సిస్టరమ్మా, నా ఏళ్ళు ఉన్నయా, పోయినయా?” గుడ్డ కింద నుంచి ఎల్లయ్య.

“ఉన్నాయి. కదుపు. ఆ, కదిలాయి.”

“అరేయ్ ఎల్లన్నా,” అద్దంలోంచి రాజన్న. “పొద్దుగాల నేను పండిన గదే జాగల ఉన్నవు నువ్వు. బెడ్డు నేను ఎచ్చగ చేసి పెట్టిన నీకు!”

ఎల్లయ్య నవ్వబోయి, నొప్పికి ఆగి, మళ్ళీ నవ్వాడు. నేను కూడా. ఆసుపత్రి గేటు కనిపించేదాకా వేళ్ళు కదులుతూనే ఉన్నాయి.

ఎక్స్‌రేలో నడుము దగ్గర వెన్నుపూస ఒకటి విరిగినట్టు కనిపించింది. కానీ నరాల తాడుకు ఏమీ కాలేదు. అక్కడి డాక్టరు హైదరాబాద్ ఆయన. ఫారం దారి సంగతి ఆయనకు తెలుసు. “ఆ దారిలో ఎలా తెచ్చారమ్మా ఇతన్ని?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఎల్లయ్యే అన్నాడు: “బండ్ల జర కునుకు గూడ తీసిన సారూ!”

కాసేపటికి ఖాదర్ భాయ్ వచ్చాడు. ఖాళీ తెల్లబండిలో మా వెనకే వచ్చాడట. నెత్తిన టోపీ లేదు, నడుము పట్టుకుని దిగాడు. ఎల్లయ్య సంగతి విని, “అల్లా దయ,” అని నిట్టూర్చాడు. తర్వాత నావైపు చూసి అన్నాడు: “చెల్లెమ్మా, నా బండి స్ప్రింగులు టన్ను మొయ్యనీకె పుట్టినాయి. మనిషొక్కడు పడుకుంటే వాటికి లెక్కేలేదు, ఎగిరేస్తాయి. ఈ ముక్క నేనే చెప్పల్ల పొద్దున. అమ్మే యావలో మర్సిపోతి.”

బలమైన బండి అంటే మెత్తటి బండి కాదని నాకు సరిగ్గా అర్థమయింది ఆ మాటతోనే. ఆ సాయంత్రం నీలంది వెనక్కి పోలేదు. మర్నాడు ముదీర్ క్లినిక్ గుమ్మంలోకి వచ్చి తాళంచెవి నా బల్ల మీద పెట్టాడు. ఆ దేశంలో ఆడవాళ్ళు బండి నడపకూడదు, నాకు నడపడం రాదు కూడా. అయినా తాళం రాజన్నకు కాక నాకే ఇచ్చాడు. “బండి నీది సిస్టర్. తోలేది రాజన్న,” అన్నాడు. ‘తయ్యిబ్’ అన్నాను. ఈసారి తల వంచుకోకుండా. డైరీలో ఎల్లయ్య పడ్డ రోజుకు ఒక్క మాటే రాసుకున్నాను: ‘లా.’

ఎండలు ముదిరాక ఎల్లయ్య నడుముకు పట్టీతో క్లినిక్ దాకా నడిచి వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

అప్పటి నుంచి మా ఫారంలో ఒక ఆచారం పుట్టింది. రాజన్న పెట్టిన ఆచారం. క్లినిక్ బండికి కొత్త డ్రైవరు ఎవరు వచ్చినా ముందు స్ట్రెచర్ మీద పడుకోవాలి. నేను పట్టీలు బిగించి, పొట్ట మీద నీళ్ళ ట్రే పెడతాను. రాజన్న మట్టిదారి మీద కావాలనే కొంచెం జోరుగా తోలుతూ, అద్దంలోంచి అడుగుతాడు: “ఏం తమ్మీ, ఎట్లున్నది ఎనుక?”

వాళ్ళు ఏం తిడతారో ఇక్కడ రాయలేను. కానీ అలా తిట్టినవాడు తర్వాత ఎన్నడూ రోగిని ఎగరేయలేదు. బండిని ఎంచాల్సింది నడిపేవాడి సీటులోంచి కాదు, కదలలేక పడుకున్నవాడి వీపు మీంచి. నాకు ఆ కేసు నేర్పింది ఇదే. ఆ వీపు తరఫున మాట్లాడాల్సి వస్తే, నాలాంటిదానికి కూడా గొంతు వస్తుంది.