మట్టి ట్రాకుల పెద్దాయన

పక్కింటి పెద్దాయన పోయారని ఆయన కూతురు మా గేటుకు దూరంగా నిలబడి చెప్పింది. కోవిడ్. దగ్గరికి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకోవడానికి కూడా భయపడ్డాను.

ఐర్లండ్‌లో ములింగార్ ఊరి బయట మేం ఇల్లు తీసుకున్నప్పుడు మమ్మల్ని మొదట పలకరించింది ఆయనే. కుర్రతనంలో అమెరికా వెళ్లి గ్యారేజీలో పనిచేస్తూ, స్టాక్ కార్ పందేలు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజుల్లో వాటిలోకి దిగారు. రోజూ తిరిగే మామూలు కారే. తలుపు ఊడిపోకుండా నడుం బెల్టుతో కట్టి మట్టి ట్రాక్ మీద నడిపేవారు. కారు మిగిలితే అందులోనే ఇంటికి. చాలా గెలిచారు. తర్వాత తారు ట్రాకులొచ్చాయి, వేగం పెరిగింది. ఒక పందెంలో స్నేహితుడి కారు టైరు పేలి, గోడకు కొట్టుకుని, ఆయన కళ్లముందే మనిషితో సహా కాలిపోయింది.

"ఆ తర్వాత కూడా నడిపారా?" అని అడిగాను.

"కొన్నేళ్లు. ప్రతి పందెం ముందూ వాంతయ్యేది. అమ్మాయి పుట్టాక మానేశాను." అన్నారు. "భయం లేదనేవాడిని మాత్రం నమ్మలేదమ్మా."

లైసెన్సున్నా కారు ముట్టాలంటే నాకు వణుకు. లాక్‌డౌన్‌లో ఆయన తన గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, నా చేత వీధిలో అటూ ఇటూ నడిపించేవారు. "గోడ వంక చూడకు. చూసినచోటికే కారు పోతుంది" అని కేకేసేవారు.

ఆసుపత్రిలో డాక్టరైన మా ఆయనకు ఆ జనవరిలో జ్వరం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఊపిరి అందలేదు. అంబులెన్సుకు ఆలస్యమవుతుందన్నారు.

"నాతోని ఐతలేదు. నువ్వే నడుపు" అన్నాడు.

వాన. పెద్దాయన తడుస్తూ వచ్చి మా గేటు తెరిచారు. దారి పొడవునా రాతిగోడలు మీదికొస్తున్నట్టే ఉన్నాయి. పక్కన ఆ ఊపిరి చప్పుడు ఆగిపోతుందేమోనని చెవులు అటే. ఆసుపత్రి వాళ్లు మా ఆయన్ని లోపలికి తీసుకుని నన్ను పొమ్మన్నారు. కార్ పార్కులో తలుపు తీసి వాంతి చేసుకున్నాను.

తర్వాత ఆ సంగతి చెబితే పెద్దాయన నవ్వలేదు. "అయితే నువ్వూ మా పందెగాళ్ల కోవే" అన్నారు.

మా ఆయన తిరిగొచ్చాడు. కొద్దిరోజులకే పెద్దాయన మంచాన పడ్డారు. ఆ రోజు మా గేటు తెరిచినప్పుడే అంటిందా? ఆయన కూతుర్ని అడిగేశాను.

"ఎక్కడ అంటిందో ఎవరికి తెలుసు? అది పట్టుకుని కూర్చోకండి" అంది. నాలో ఆ భయం మాత్రం పోలేదు.

చర్చిలోకి ఇంట్లోవాళ్లకే అనుమతి. మిగతా వీధంతా ఎవరి గుమ్మం ముందు వాళ్లు నిలబడ్డాం. శవపేటికను మోస్తున్న నల్లకారు ఆయన ఇంటి ముందు కాసేపు ఆగి, మెల్లగా కదిలింది. అది మలుపు తిరిగాక కూడా దాని తెల్లని పొగ చలిగాలిలో కాసేపు నిలిచే ఉంది. ఎవరూ లోపలికి వెళ్లలేదు.