చీర కట్టిన మేనమామ

మా వంశంలో చీర కట్టుకునే మేనమామ ఉన్నది నాకొక్కదానికే. ఈ మాట చెబితే నర్సింగ్ కాలేజీలో అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుకోనీండి. వాళ్ళ మామలు ఏం వెలగబెట్టారో నాకు తెలుసు.

అమ్మా నాన్నా తొప్పూరు ఘాట్‌లో లారీ గుద్ది పోయాక నన్ను మా అవ్వ పెంచింది. అమ్మకు అమ్మ. తమిళనాడులో ధర్మపురి పక్కన నల్లంపల్లిలో ఉండేవాళ్ళం. అవ్వ రోజూ ధర్మపురికి పోయి మేస్త్రీల దగ్గర సిమెంటు బొచ్చెలు మోసేది. నన్ను క్రైస్తవుల బడిలో వేసింది. ప్రార్థన వాళ్ళది, సాంబారన్నం వాళ్ళది, పిల్ల మాత్రం మాది అనేది. నా చదువు ఖర్చు భరించేది హోసూరులో ఉండే ఒక రిటైరైన నర్సమ్మ. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, పెళ్ళి చేసుకోలేదు, నన్ను ఫోటోలో తప్ప చూడలేదు. ఆ బడి అయిదో తరగతితో సరి. ఆపైన టౌనులో పెద్ద బడికి పోవాలంటే ఆవిడ మళ్ళీ సరే అనాలి. అనకపోతే నేనూ బొచ్చె ఎత్తాల్సిందే. అవ్వ నా నెత్తికి సరిపోయే చుట్టకుదురు కూడా అప్పటికే చుట్టి పెట్టింది.

అవ్వకు ఇంకో దిగులుండేది. మా వాళ్ళలో పిల్లను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టిస్తారు. అవ్వకు కొడుకుల్లేరు. వరసకు మామ అయ్యేవాళ్ళను అడిగితే, ఇప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే రేపు పెళ్ళి దాకా సీరు అనే సారె సామాన్లన్నీ తామే తేవాలని భయపడి మొహం చాటేశారు. అయిదో తరగతికి వచ్చినా నావి బోసి చెవులే.

ఆ ఏడు నర్సమ్మ మమ్మల్ని చూడడానికి వస్తానంది. ముందురోజే మా బడి వార్డెనమ్మ వచ్చి అవ్వకు జాగ్రత్తలు చెప్పింది. సామి పటాలు కనబడకూడదు, ఆవిడ సంఘంలో నగలు కూడా పెట్టుకోరు, ఏ మాట తేడా వచ్చినా పిల్ల చదువు ఆగిపోతుంది అని. అవ్వ అన్నిటికీ తల ఊపింది. తల ఊపిందంటే ఏదీ చెవిన వేసుకోలేదని నాకు తెలుసు.

నర్సమ్మ వార్డెనమ్మతో ఆటో దిగింది. తెల్లచీర, నెరిసిన జుట్టు, గొడుగు. అవ్వ చూపు నేరుగా ఆవిడ చెవుల మీద పడింది. అవీ బోసివే.

"అయ్యో, ఈమెకీ మేనమామ లేకపోయినాడే!" అని నన్ను పక్కకు లాగింది. "పోయి చెవులు కుట్టే ఆచారిని పిల్చుకోని రా. రెండు జతల తీగ తెమ్మను."

ఆచారి వచ్చి రెండో బిడ్డ ఎక్కడని అడిగాడు. అవ్వ నర్సమ్మను చూపించింది. వార్డెనమ్మ "ఏసయ్యా" అంటూ గోడకు ఆనుకుంది.

నర్సమ్మ మాత్రం నెమ్మదిగా చెప్పింది. "నాకు చిన్నప్పుడే కుట్టినారమ్మా. తర్వాత తీసేసినాను. పూడిపోయినాయి."

"సరేలే, నీది తర్వాత చూద్దాము. ముందు బిడ్డది కానీ. నువ్వు కూకో, మామ ఒడి కావల్ల."

"నేను ఆడదాన్ని కదమ్మా?"

"అది నాకు కనబడతా ఉండాది. అన్నం పెట్టేది నువ్వు, చదివించేది నువ్వు. ఇంగ మామకు మిగిలింది ఏమి, మీసమా?"

నర్సమ్మ గొడుగు పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. అవ్వ కొత్త తువ్వాలు తెచ్చి ఆవిడకు తలపాగా చుట్టింది. తీగను మరగబెట్టకుండా పిల్లను ముట్టనివ్వనని నర్సమ్మ పట్టుబడితే ఆచారి అలిగాడు. వాకిట్లో పొయ్యి వెలిగించి నీళ్ళు కాచాం. నేను ఒళ్ళో కూర్చుంటే కాళ్ళు నేలకు తగులుతున్నాయి. తీగ దిగగానే కేక పెట్టాను. ఎందరికో సూదులు గుచ్చిన మనిషి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

అయిపోయిందనుకున్నాం. మా వాళ్ళలో పిల్లను పెళ్ళాడే మొదటి హక్కు మేనమామది. వద్దనుకుంటే ఆ మాట పదిమందిలో చెప్పాలి. ఎప్పుడో పెళ్ళప్పుడు అడగాల్సింది అవ్వ అప్పుడే అడిగేసింది.

"చెప్పు నాయనా, దీన్ని చేసుకుంటావా, ఇడిచిపెడతావా?"

వార్డెనమ్మ నేల మీద చతికిలబడింది. నర్సమ్మ తలపాగా జారేంతగా నవ్వింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది.

"చేసుకోను. ఇడిచీ పెట్టను."

"ఇడిచిపెట్టకుండా ఏం చేస్తావు?"

"దానంతట అదే చాలనేదాకా చదివిస్తాను."

అవ్వ ఇంట్లోకి పోయి, నా చుట్టకుదురు తెచ్చి పొయ్యిలో పడేసింది. చెవులు భగ్గున మండుతున్నాయి. అయినా అంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు.

అప్పటి నుంచి ఆవిడ వచ్చినప్పుడల్లా "చాలా?" అని అడిగేది. నేను "ఇంకా" అనేదాన్ని. ఈ ఏడు నర్సింగ్ ముగిసి, ధర్మపురిలోనే ఆస్పత్రిలో ఉద్యోగం దొరికింది. అవ్వ లేదు చూడడానికి. స్వీట్లు పట్టుకుని హోసూరు పోయి చెప్పాను.

"ఇంక చాలు మామా."

ఆవిడ మొహం వాడిపోయింది. స్వీటు డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టేసింది.

"చదువు చాలు అను, ఒప్పుకుంటాను. మామ చాలని ఎవురు చెప్పమన్నారు నిన్ను? పెళ్ళి సీరు ఎవురు తెస్తారు, మీసముండే వాడా?"

అని బీరువాలోంచి ఆ పాత తలపాగా తువ్వాలు తీసి, నలిగి ఉందని నన్నే ఇస్త్రీ చేయమంది.