మా జట్టుకు కసి లేదట

బర్మింగ్‌హామ్‌లో నేను ఆడే బేస్‌బాల్ జట్టు ఆ వేసవిలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. జట్టులో ముగ్గురం తెలుగువాళ్లం. అందుకని తెలుగు సంఘం పత్రికలో ఆటల కాలమ్ రాసే అంకుల్ మమ్మల్ని వదల్లేదు. "మన కుర్రాళ్లలో కసి లేదు" అని ఒక నెల, "గెలవాలన్న ఆకలి లేదు" అని మరో నెల రాశారు. నేను మెకానికల్ ఇంజనీర్ని. కసిని ఏ పరికరంతో కొలిచారో తెలుసుకోవాలనిపించింది. ఒక పుట్టినరోజు పార్టీలో కనిపిస్తే అడిగేశాను.

"అంకుల్, మేం ఓడిపోవడానికి కారణాలు మూడు. ఒకటి, చేతికి గ్లవ్ ఉన్నా బంతిని ఉత్త చేత్తోనే పట్టబోతాం. రెండు, బంతిని వెనక్కి తోస్తాం. క్రికెట్‌లో ఫోర్, ఇక్కడ ఫౌల్. మూడు, కొట్టాక నిలబడి చూస్తాం. క్రికెట్‌లో పరుగు తీయడం మనిష్టం. ఇక్కడ బంతి ముందు పడిందంటే పరిగెత్తాల్సిందే. ఇందులో కసి ఎక్కడుంది?"

"నాలుగోది కూడా రాసుకో. నోరెక్కువ," అన్నారాయన పకోడీ నములుతూ.

"ఒక్క మ్యాచ్ అయినా చూశారా?"

"చూసి రాస్తే పక్షపాతం వచ్చేస్తుందయ్యా!"

పక్కనున్న ఆంటీ అందుకున్నారు. "ఆదివారం నేను తీసుకొస్తాను బాబూ. ఇంట్లో ఉంటే నా వంట మీద చెప్తారు కాలమ్."

ఆ ఆదివారమే ఆఖరి మ్యాచ్. ఆంటీ అన్నట్టే అంకుల్‌ని తీసుకొచ్చి, గీత అవతల కుర్చీలో కూర్చోబెట్టారు. మా కెప్టెన్ ఒక ప్రైమరీ స్కూల్ టీచర్, ఆ ఊళ్లోనే పుట్టి పెరిగింది. ఆట మొదలవకముందే చెప్పేసింది: "ఇవాళ కూడా ఓడితే వచ్చే ఏడాదికి గ్రౌండ్ బుక్ చెయ్యను. సగంమంది ఫుట్‌బాల్‌కి పోతామంటున్నారు." వారమంతా ఆఫీసులో నేను ఎదురుచూసేది ఆ మైదానం కోసమే.

ఆఖరి ఇన్నింగ్స్‌లో స్కోర్లు సమం. బ్యాటింగ్ మాది. కెప్టెన్ మూడో బేస్ మీద ఉంది. నేను బ్యాట్ పట్టుకుని నిలబడ్డ చోట నేలమీదున్న పలకని, అంటే ప్లేట్‌ని, ఆమె చేరితే గెలుపు మాదే.

బంతి మోకాలి ఎత్తులో వచ్చింది. బలంగా బాదుదామనే అనుకున్నాను. కానీ కాలు దానంతటదే ముందుకెళ్లింది, బ్యాట్ నిటారుగా దిగింది. కాకినాడలో కోచ్ నేర్పిన డిఫెన్స్! బంతి నా ముందు చచ్చినట్టు పడింది. ఎంత చక్కగా ఆడానోనని మురిసిపోతూ నిలబడ్డాను.

"నిలబడ్డావేంట్రా! పరిగెత్తు!"

కుర్చీ దొర్లిన చప్పుడు. చూస్తే గీత అవతల అంకుల్ తనే పరిగెడుతున్నారు. నేనూ లగెత్తాను, బ్యాట్ చేతిలోనే ఉంది. మొదటి బేస్ దగ్గరి కుర్రాడు దాన్ని చూసి భయపడి తప్పుకున్నాడు. అలవాటుగా బేస్‌కి బ్యాట్ తాకించి, తర్వాత గుర్తొచ్చి కాలు పెట్టాను. వెనక్కి తిరిగితే కెప్టెన్ దుమ్ములో బోర్లా పడి ఉంది, చెయ్యి మాత్రం ప్లేట్ మీద ఉంది. అంపైర్ రెండు చేతులూ పక్కలకి చాపాడు.

"వైడ్ ఇచ్చాడేంట్రా?" అంకుల్ రొప్పుతూ అడిగారు.

"సేఫ్ అంకుల్! గెలిచాం!"

ఆయన నన్ను ఎత్తబోయి, నడుం పట్టుకుని ఆగిపోయారు. మావాళ్లంతా కెప్టెన్ మీద పడ్డారు. ఆమె ఆ కుప్ప కిందనుంచే చెయ్యి బయటికి చాచి, బ్యాగ్‌లోంచి ఫోన్ ఇవ్వమంది. కౌన్సిల్ బుకింగ్ పేజీ తెరిచింది.

"వచ్చే వేసవికి ఏ ఆదివారాలు కావాలి?"

"అన్నీ!" అని అరిచాం. అందరికంటే గట్టిగా అరిచింది ఆంటీ.